ఎడమ ప్రక్కను నిలిచినవాడు



ఈ నెల మీకు ఒక బంతియాటగాని సంగతి వ్రాయుచున్నాను. అయ్యగారికి ఆటల పిచ్చి ఎప్పుడు పట్టెనని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడి. మన మిషను బోర్డింగులలో చదువుకొనిన పెద్దలను అడిగి చూడుడి. సాయంకాల ప్రార్థన గంట కొట్టకముందు, కాళ్లకు చెప్పులైనను లేకుండ ఫుట్‌బాలు ఆడనివారు వారిలో ఎందరుందురు? పౌలు అపొస్తలుడు సహితము తన పత్రికలలో పరుగుపందెమును గూర్చియు, ముష్టియుద్ధమును గూర్చియు వ్రాయుటకు వెనుదీయలేదు. నేనును వెనుదీయను.

నేను చెప్పబోవు మనుష్యుని పేరు జాన్ ట్రాలప్. ఇంగ్లండు దేశస్థుడు. మీలో ఎవరును ఆ పేరు విని యుండరు. ఆయన మహానగరముల పెద్ద జట్లలో ఆడలేదు. తన దేశపు జట్టుకు ఎన్నడును ఎంపిక కాలేదు. గోళ్లు కొట్టి చప్పట్లు పొందుట ఆయన పని కానే కాదు. ఎడమ ప్రక్కను, వెనుక, తన గోలునకు సమీపముగా నిలిచి, ఎదుటివారిని రానీయక అడ్డుకొనుట ఆయన పని. ఆ పనిని ఆయన ఒకే జట్టునకు 1960 మొదలుకొని 1980 వరకు చేసెను. లీగు ఆటలు మాత్రమే లెక్కించినను 770. ఇంగ్లండు లీగులో ఒకే జట్టు పక్షముగా ఇన్ని ఆటలాడినవాడు ఆయనకు ముందు ఎవడును లేడు.

ఆ జట్టున్న ఊరు స్విండన్. లండనునకు పడమటగా సుమారు 80 మైళ్ల దూరముననున్నది. 1843లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీవారు అక్కడ ఇంజనుల కర్మాగారము తెరచిరి. మన సికింద్రాబాదు ప్రక్కను లాలాగూడలో రైలు కర్మాగారమును నమ్ముకొని ఎన్నో కుటుంబములు బ్రదికినట్లే, అక్కడ ఊరంతయు ఇంజనులను నమ్ముకొని బ్రదికెను. బ్రిటిషు రైల్వేవారు కట్టించిన కడపటి ఆవిరి ఇంజను 1960లో ఆ కర్మాగారమునుండియే బయలుదేరెను. దానికి సంధ్యా నక్షత్రమని అర్థమిచ్చు పేరు పెట్టిరి. కర్మాగారము 1986లో మూతపడెను. ఇక ఆ ఊరి బంతియాట జట్టును 1879 ప్రాంతమున మొదలుపెట్టినవాడెవరనుకొన్నారు? విలియం పిట్ అను పాదిరిగారు! అయ్యగార్లకు ఆటలతో పనియేమని అడుగువారికి నేనింతకంటె జవాబు చెప్పనక్కరలేదు.

ట్రాలప్ 1943లో స్విండనుకు దక్షిణముగానున్న రాటన్ అను పల్లెలో పుట్టెను. పదునేడేండ్ల ప్రాయమున, 1960 ఆగస్టులో, స్విండన్ జట్టులో మొదటిసారి దిగెను. అప్పటి మేనేజరు బెర్ట్ హెడ్ ధనమిచ్చి పేరుగల ఆటగాండ్రను కొనలేక ఊరి పిల్లలను, చుట్టుపట్ల పిల్లలను ఏరి నిలబెట్టుచుండెను. లోకులు వారిని బెర్ట్ పసిబిడ్డలని పిలిచిరి.

ఆ దేశపు లీగు సంగతి కొంచెము చెప్పవలెను. ఆ కాలమున 92 జట్లు నాలుగు తరగతులుగా నుండెను. మన బడులలోవలెనే, బాగుగా ఆడిన జట్లు ఏడాది చివరను పై తరగతికి పోవును, ఆడలేనివి క్రిందికి దిగును. పేరు, ధనము, పత్రికలలో బొమ్మలు, అన్నియు మొదటి తరగతివారివి. స్విండన్ ఆ ఇరువదేండ్లలో ఏడేండ్లు రెండవ తరగతిలోను, మిగిలిన కాలమంతయు మూడవ తరగతిలోను ఉండెను. మొదటి తరగతి గడప ఒక్కసారియైనను త్రొక్కలేదు. మూడవ తరగతిలో ఏడాదికి 46 ఆటలు. చలికాలపు వానలో, మోకాటి బురదలో, ఈ శనివారము ఉత్తరపు గనుల ఊరిలో, వచ్చు శనివారము దక్షిణపు రేవులో. ఎదుటి జట్టులో కుడిప్రక్కను పరుగెత్తువాడు ఎవడైనను, వాని కెదురుగా నిలువవలసినవాడు ట్రాలప్.

నేనీ సంగతి వ్రాయుటకు ఒక కారణము కలదు.

మా యూరికి మైలు దూరముననున్న పల్లె సంఘములో ఆదివారపు బడి నడిపించు సహోదరుడొకడున్నాడు. ముప్పదియొక్క ఏండ్లుగా ఆ పనిలో ఉన్నాడు. జీతము లేదు. అతని తోడ బోర్డింగులో చదివినవారిలో ఒకడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగి, మరియొకడు కువైటులో నుండి ఇల్లు కట్టించుకొనెను, ఇంకొకడు ఒక పట్టణ సంఘములో కార్యదర్శి. అతడు మాత్రము ఎకరమున్నర పొలము, చర్చి అలమారు తాళపుచెవులు. గడచిన క్రిస్మసునకు ముందు ఒక సాయంకాలము వచ్చి, ఆ తాళపుచెవుల గుత్తి నా బల్లమీద పెట్టెను.

"అయ్యగారూ, నమ్మకంగా నిలబడ్డాడని అందరూ నన్ను మెచ్చుకుంటారు. నేను నిలబడ్డానా, పోలేక మిగిలిపోయానా? మీరైనా నిజం చెప్పండి" అని అడిగెను.

ఇట్టి ప్రశ్నకు చెప్పుటకు వాక్యములు చాలగలవు. అవన్నియు అతడెరుగును, ముప్పదియొక్క ఏండ్లుగా వాటిని పిల్లలచేత వల్లె వేయించినవాడు అతడే. కాబట్టి వాక్యములు ఎత్తలేదు. "కూర్చో తమ్ముడా" అని, టీ తెప్పించి, ఈ బంతియాటగాని సంగతి చెప్పితిని. మీకును అదియే చెప్పుచున్నాను.

నిలుచుట వేరు, మిగులుట వేరు. కాని దారిన పోవువానికి రెండును ఒక్కటిగానే కనబడును. ట్రాలప్ ఆట మొదలుపెట్టినప్పుడు ఆ దేశమున ఆటగాండ్రకు రెండు సంకెళ్లుండెను. ఎంత గొప్పవాడైనను వారమునకు 20 పౌండ్లకు మించి జీతమియ్యకూడదని లీగు నిబంధన. అది 1961లో పోయెను. రెండవది మరింత కఠినమైనది. ఒడంబడిక గడువు తీరినను, జట్టువారు ఇష్టపడనిదే ఆటగాడు వేరొక జట్టునకు పోవ వీలులేదు. జీతము మానుకొని ఇంట కూర్చున్నను అతని పేరు వారి పట్టీలోనే నిలిచియుండును. జార్జి ఈస్ట్‌హామ్ అను ఆటగాడు న్యూకాసిల్ జట్టుమీద వ్యాజ్యము వేయగా, ఈ కట్టడి న్యాయము కాదని 1963లో తీర్పు వచ్చెను. ఆ తీర్పు చెప్పిన న్యాయాధిపతి విల్‌బర్‌ఫోర్స్. బానిసల వ్యాపారమును మాన్పించుటకు పార్లమెంటులో పోరాడిన భక్తుడు విలియం విల్‌బర్‌ఫోర్స్ వంశమున పుట్టినవాడే. అతని పేరు విన్నప్పుడు నాకు సంతోషమాయెను.

అంతవరకు ఒకడు ఒకే ఊరిలో ఉన్నాడన్నచో, ఉండగోరి ఉన్నాడో ఉంచబడి ఉన్నాడో చూపుటకు ఏ గురుతును లేదు. తీర్పు తరువాత సంకెల పూర్తిగా ఊడలేదుగాని సడలెను. 1963లో రెండవ తరగతికి ఎక్కిన స్విండన్ 1965లో మరల మూడవ తరగతికి పడెను. అప్పుడు బెర్ట్ హెడ్ పదవి పోయెను. పసిబిడ్డలు చెదరిరి. మైక్ సమర్‌బీ మాంచెస్టర్ సిటీకి పోయి 1968లో దేశ విజేతల జట్టులో ఒకడాయెను. ఎర్నీ హంట్ వుల్వర్‌హాంప్టనునకు పోయెను. ట్రాలప్ ఆ యెడమ ప్రక్కనే ఉండెను.

పోయినవారు తప్పు చేసిరని నేననను. నిలిచినవాడు పోయినవానిమీద గొప్పలు చెప్పుకొనుట మన సంఘములలో తరచుగా వినుచున్నాము. అది నాకు సరిపడదు. అబ్రాహామునకు బయలుదేరుమని ఆజ్ఞ. అతని కుమారుడైన ఇస్సాకునకు, కరవు వచ్చినను ఐగుప్తునకు పోక ఈ దేశమందే ఉండుమని ఆజ్ఞ. ఇస్సాకు చరిత్రలో చెప్పుకొనదగిన ప్రయాణములు లేవు. తండ్రి త్రవ్వించిన బావులను శత్రువులు పూడ్చగా వాటినే మరల త్రవ్వించెను. ఆదివారపు బడిలో పిల్లలు అబ్రాహాము కథ అడుగుదురుగాని ఇస్సాకు బావుల కథ అడుగరు. అయినను నీళ్లు త్రాగినవారు ఆ బావుల నీళ్లే త్రాగిరి.

ఇంకొక మాట కూడ చెప్పక తప్పదు. నిలుచుటయని పేరు పెట్టుకొని, ఇనుపపెట్టె తాళమును ముప్పదేండ్లు చేతబట్టి, యౌవనస్థుని ఒక్కనిని దరికి రానీయని పెద్దలు గలరు. వారు ఈ వ్యాసము చదివి మీసము దువ్వకుందురుగాక! ట్రాలప్‌కు ఆ స్థలము ఎవరును పట్టాగా వ్రాసియియ్యలేదు. ప్రతి వారమును జట్టు జాబితా వ్రాయుదురు. ఆ వారము తగినవాడైతేనే పేరు పడును.

ఆ పేరు ఎట్లు పడెనో వినుడి. 1961 వసంతకాలము మొదలు 1968 వరకు, ఏడేండ్లకు పైగా, ఒక్క లీగు ఆటయైనను తప్పలేదు. వరుసగా 360 ఆటలకు మించెను. మన పొలములలో ఏడేండ్లు వరుసగా ఒక్క దినమైనను నడుము పట్టకుండ పనిచేసినవాడెవడైనను ఉన్నాడా? కాలు బెణికినను, జలుబు చేసినను, ఇంట ఏమి జరిగినను, శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు ఆ యెడమ ప్రక్కను మనిషి ఉండెను. తుదకు 1968లో చేయి విరిగెను, వరుస తెగెను.

చేయి కట్టుకొని కూర్చొని, మరల లేచి వచ్చిన ఆ యేడే ఆ ఊరి చరిత్రలో గొప్ప దినము వచ్చెను.

1969 మార్చి 15న లండనులోని వెంబ్లీ మైదానమున లీగు కప్పు కడపటి పోటీ. ఒక ప్రక్క ఆర్సెనల్, లండను నగరపు మొదటి తరగతి జట్టు. రెండవ ప్రక్క మూడవ తరగతి స్విండన్. చూడవచ్చినవారు సుమారు 98 వేలమంది. వానలచేత మైదానము చిత్తడియై, పొలమువలె నుండెను. ఆర్సెనల్ ఆటగాండ్రలో పలువురు ఆ దినములలో ఫ్లూ జ్వరమువలన బాధపడియుండిరి. ఇదియును చెప్పుట న్యాయము. స్విండన్ పక్షమున రోజర్ స్మార్ట్ మొదటి గోలు చేసెను. ఆట ముగియుటకు కొద్ది నిమిషములుండగా ఆర్సెనల్ వాడైన బాబీ గౌల్డ్ దానిని సరిచేసెను. అదనపు కాలమున డాన్ రోజర్స్ రెండు గోళ్లు కొట్టెను. స్విండన్ 3, ఆర్సెనల్ 1.

ఆ డాన్ రోజర్స్ రెండవ గోలు నేటికిని ఆ ఊరివారు చెప్పుకొందురు. బంతిని ఒంటరిగా తీసికొని, అలసిన మనుష్యుల మధ్యనుండి బురదలో పరుగెత్తి, గోల్‌కీపరును తప్పించి లోపల వేసెను. అతడు ఎడమ ప్రక్కను ముందు ఆడువాడు. ఎడమ ప్రక్కను అతని వెనుక నుండువాడు ట్రాలప్. ఏండ్ల తరబడి అదే ఏర్పాటు. ముందువాడు బంతితో ఎదుటివారి మీదికి ఎంత దూరము పోయినను, తాను విడిచిన చోటు ఖాళీ కాదని ఎరుగును. వెనుక చూచుకొనవలసిన అవసరము లేనివాడే అట్లు పరుగెత్తగలడు. మీ సంఘములో బాగుగా ప్రసంగించు యౌవనస్థుడున్నయెడల, అతడు కన్వెన్షనునకు పోయినప్పుడు ఇంటిలో గొడ్లకు మేత వేయుచున్నదెవరో కనుగొనుడి.

దావీదు పరాక్రమశాలుల జాబితాలో షమ్మా అను వాడొకడున్నాడు. ఫిలిష్తీయులు గుంపు కూడినప్పుడు జనులు పారిపోగా, అలచందల చేని మధ్యను అతడు ఒక్కడే నిలిచి దానిని కాపాడెను. కోట కాదు, పట్టణము కాదు, అలచందల చేను! చేను కాపు కాయుట ఏమో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. అడవిపందులు రాని రాత్రి చేను కాచినవాడు ఏమి చూపగలడు? తెల్లవారి వచ్చినవాడు "చేను బాగున్నది" అని మాత్రమనును. బంతియాటలో వెనుక నిలుచువాని పనియు ఇట్టిదే. కొట్టిన గోళ్లను పుస్తకములో వ్రాయుదురు. రాకుండ ఆపిన గోళ్లకు పుస్తకము లేదు. నేను పైన వ్రాసిన 770 అను సంఖ్య ఆయన కొట్టిన గోళ్ల లెక్కయు కాదు, ఆపిన గోళ్ల లెక్కయు కాదు. అది హాజరుపట్టీ, అంతే.

గెలిచిన స్విండనుకు ఐరోపా పోటీలలో, ఫెయిర్స్ కప్పులో, స్థలము రావలసియుండెను. రాలేదు. మొదటి తరగతివారికే అది చెల్లునని నిబంధన. ఆర్సెనలును ఓడించినను తరగతి తరగతియే! తరగతిని చూచి తలుపు వేయు మర్యాద ఏ దేశమునందైనను కలదు. మన జనులకు దానిని వివరింపనక్కరలేదు. వారి నిమిత్తము ఇటలీవారితో వేరొక పోటీ ఏర్పాటు చేసిరి. అదే 1969లో స్విండన్ రోమా జట్టుతో ఆడి, రోములో 2–1గా ఓడి, సొంత ఊరిలో 4–0గా గెలిచి, ఆ కప్పును ఎత్తుకొనెను. ఆ యేడే రెండవ తరగతికిని ఎక్కెను. 1974లో మరల దిగెను. రోజర్స్ 1972లోనే క్రిస్టల్ పాలెస్ జట్టునకు పోయియుండెను. ఎడమ ప్రక్క వెనుకవాడు మాత్రము మారలేదు. 1978లో ఆయనకు ప్రభుత్వము ఎం.బి.ఇ. బిరుదమిచ్చెను.

1980లో, ముప్పదియేడేండ్ల వయస్సున, ఆయన ఒక పాత లెక్కను దాటెను. ఆ లెక్క జిమ్మీ డికిన్సన్‌ది. పోర్ట్స్‌మత్ అను రేవుపట్టణపు జట్టునకు 1946 మొదలు 1965 వరకు 764 లీగు ఆటలాడినవాడు. ఇతని గూర్చియు నాలుగు మాటలు చెప్పుట నాకిష్టము. ట్రాలప్‌వలె గాక డికిన్సన్ గొప్పతనము చూచినవాడు. 1949లోను 1950లోను అతని జట్టు దేశ విజేత. అతడు ఇంగ్లండు జట్టులో 48 సార్లు ఆడెను. తరువాత పోర్ట్స్‌మత్ దిగజారుచు 1961లో మూడవ తరగతికి పడెను. అతడు విడువలేదు. పడినవారితోకూడ పడి, మరుసటి యేడు వారితోకూడ పైకి లేచెను. అన్ని ఆటలలో ఒక్కసారియైనను రిఫరీ అతని పేరు తప్పుపట్టీలో వ్రాయలేదు. తన నలువదవ పుట్టినదినమున కడపటి ఆట ఆడి మానుకొనెను. అట్టివాని లెక్కను దాటినవాడు మరల అట్టివాడే. ట్రాలప్ 770 దగ్గర ఆగెను. అంతటి వానికంటె ఆరు ఆటలు మాత్రమే ఎక్కువ.

ఇక్కడ ఆపినయెడల కథ అందముగా నుండును. మా సహోదరుడు కూడ ఇక్కడ "తరువాత?" అనెను.

తరువాత 1981లో స్విండన్ వారు ఆయననే మేనేజరుగా నియమించిరి. మరుసటి యేడు, 1982లో, జట్టు నాలుగవ తరగతికి పడెను. స్విండన్ చరిత్రలో అంతకుముందు ఎన్నడును అంత క్రిందికి దిగలేదు. 1983లో ఆయన పదవి పోయెను. ఇరువదేండ్లు నిలిచినవాని చేతిలోనే ఊరి జట్టు అట్టడుగునకు చేరెను. నమ్మకముగా నిలిచినవానికి కడపట పంట పండునని నేను ప్రసంగించియుందును, మీరును వినియుందురు. పండుటయు కలదు. ఇక్కడ పండలేదు. ఆ 1982ను దాచి, వెంబ్లీ దినమును మాత్రము చూపి, ఆ సహోదరుని ఊరడించుట నాకు మనస్కరింపలేదు. అతడు బోధించిన పిల్లలలో ఇద్దరు త్రాగుబోతులైరి, ఒకడు నర్సింగు చదివి మంచి స్థితిలో ఉన్నాడు, చాలమంది ఏమైరో ఎవరికిని తెలియదు. ముప్పదియొక్క ఏండ్ల లెక్క అది. అది నేనెరుగుదును, నేనెరుగుదునని అతడును ఎరుగును.

అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆయన చేయి విరిగి కూర్చున్న ఆ నెలల్లో ఆ చోట ఎవరాడారండీ?" అని అడిగెను. ఎవడో యొకడు ఆడియుండునని చెప్పితిని. "వాణ్ణి తయారు చేసి ఉంచాలి కదా" అని, చల్లారిన టీ త్రాగి, సైకిలెక్కి పోయెను.

తాళపుచెవులు నా బల్లమీదనే విడిచిపోయెను. ఆదివారము ఉదయము ఏడు గంటలకు మరల వచ్చి, ఏమియు అనక వాటిని తీసికొనెను. సాయంకాలము తెచ్చి మరల అక్కడనే పెట్టెను. క్రిస్మసు మొదలు ప్రతి ఆదివారమును ఇట్లే జరుగుచున్నది. గడచిన రెండు వారములుగా తాళపుచెవులకు తనతో పదునారేండ్ల పిల్లవానిని ఒకనిని వెంటబెట్టుకొని వచ్చుచున్నాడు.